జోడ్‌భావి పేట మగ్గంలో టరాంటులా

"మేడం, అది పెద్దగైంది. పెద్దగైనంక వచ్చి చూస్తనంటిరి గద." ఈ ఫోన్ రాకపోతే నేను సోలాపూర్ వెళ్లేవాణ్ణి కాదు. ఫోన్ నాది కాదు, నా భార్య వసుధది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. నంబరు ఇంకా తీసేయించలేదు. మాట్లాడినాయన పేరు రాజమల్లు. సోలాపూర్‌లో జోడ్‌భావి పేటలో ఉండే నేతగాడు. రెండేళ్ల కిందట మేమిద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. వసుధ జువాలజీ లెక్చరర్. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, మానేశాకా సాలీళ్ల వెంట తిరిగింది. నేను సివిల్ ఇంజనీర్‌ని. టార్చి పట్టుకుని ఆమె వెంట తిరిగాను. రాజమల్లు మగ్గం గుంజకు ఒక తొర్ర ఉంది. అందులో టరాంటులా పిల్ల ఒకటి చేరిందని తెలిసి అప్పుడు వెళ్లాం. అది బయటికి రాలేదు. విడిచిన పొర ఒక్కటి దొరికింది, గోరంత. "ఇది పెరిగాక గానీ ఏ జాతో చెప్పలేను, అప్పుడు పిలవండి" అని వసుధ నంబరు ఇచ్చి వచ్చింది. తిరుగు బస్సులో మాత్రం "నా లెక్కలో అది స్ట్రయాటా, చూస్తూ ఉండు" అంది. చూడాల్సిన పని అలాగే ఉండిపోయింది.

"ఎల్లుండి పొద్దుగాల కట్టెల దుకాణమాయన వస్తడు మేడం. మగ్గం తీస్కపోతడు. గుంజ సుత చీరుతరు. అండ్ల ఇది ఉన్నది. గందుకే ఫోన్ చేసిన" అన్నాడు రాజమల్లు. అవతల నుంచి ఆడగొంతు పలకడం లేదని ఆయన ఇంకా గమనించలేదు. "వస్తున్నాం" అన్నాను. పెట్టేశాను.

ముందు సోలాపూర్ అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇలాంటి ప్రాణిని ఎవరికి వాళ్లు పట్టుకుని తెచ్చేసుకోకూడదు. ఫోన్ ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. ఇంట్లోంచి జాగ్రత్తగా తీసి, వెడల్పు మూతి డబ్బాలో పెట్టి మర్నాడు ఉదయం అప్పగించమన్నాడు. ఒక ప్రశ్న వేశాడు. "ఏ జాతి? జాతి తెలిస్తేనే ఏ కొండల్లో వదలాలో తెలుస్తుంది." చూసి చెబుతానన్నాను. చూసి చెప్పే మనిషి నేను కాదని ఆయనకు తెలియదు.

హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కు రైళ్లున్నాయి. నాకు టికెట్ దొరకలేదు. ఉదయం ఆరు గంటల బస్సు పట్టుకున్నాను. జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా రోడ్డు బాగుంది. మామూలు బస్సుకు ఆరువందల లోపు అవుతుంది, దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఎడమ వైపు కూర్చోకండి, హుమ్నాబాద్ దాటాక ఎండ అటే. నేను రెండు వైపులా కూర్చున్నాను. ముందు సీటుకు మారాను, వెనక్కి వచ్చాను, కాసేపు నడవాలో నిలబడ్డాను. బస్సు ఎక్కడ ఆగినా దిగాను. కండక్టరు చూసి చూసి అడిగాడు. "ఏంది సార్, సీట్ల ముండ్లున్నయా?" నడుం నొప్పి అన్నాను. "నడుం నొప్పోడు గిట్ల ఎగిరి దిగుతడా?" అన్నాడు. బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను.

దారిపొడుగునా పాఠం అప్పజెప్పుకుంటూ వెళ్లాను. ఈ జీవుల కోసం వెళ్లే వాళ్లెవరైనా ఉంటే పనికొస్తుంది కనుక ఇక్కడ రాస్తున్నాను. పెద్ద సాలీడు కనబడగానే టరాంటులా అనేస్తారు. గోడ మీద పరుగెత్తే అరచేయంత సాలీడు టరాంటులా కాదు. మొదట కోరలు చూడాలి. ఇళ్లల్లో తిరిగే సాలీళ్ల కోరలు పట్టకారు లాగా పక్కల నుంచి మూసుకుంటాయి. టరాంటులావి రెండూ పక్కపక్కన కిందికి దిగుతాయి, గడ్డపార దించినట్టు. పొట్ట అడుగున ఊపిరి తీసుకునే లేత రంగు మచ్చలు నాలుగుంటాయి. కళ్లు ఎనిమిది, తల మీద చిన్న దిబ్బలా ఒకచోట గుంపుగా ఉంటాయి. ఆ తర్వాత నేలదా, చెట్టుదా అని తేల్చుకోవాలి. నేలలో బొరియ చేసుకునేది పొట్టి కాళ్లతో, మట్టిరంగులో, లావుగా ఉంటుంది. చెట్టు తొర్రలో ఉండేది బల్లపరుపుగా, పొడుగు కాళ్లతో ఉంటుంది. పాదాల చివర కుచ్చులాంటి నూగు వెడల్పుగా ఉంటుంది, నిలువు బెరడు మీద కూడా జారకుండా.

మన దక్షిణాదిలో, శ్రీలంకలో ఉండే చెట్టు టరాంటులాల గుంపు పేరు పెసిలోథీరియా. ఒంటి మీద బూడిద, తెలుపు, నలుపు కలిసిన నాచు లాంటి నగిషీ ఉంటుంది. పొట్ట మీద నడిమధ్యన ఆకులాంటి గీత. పైనుంచి చూస్తే ఈ గుంపులో చాలా జాతులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒక్క నీలం రంగుదాన్ని తప్పిస్తే పై నగిషీ చూసి పేరు పెట్టకూడదని వసుధ ఎన్నిసార్లు చెప్పిందో. పేరు అడుగున ఉంటుంది. ముందు కాళ్ల కింది వైపున పసుపు, నలుపు పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చూడాలి. తర్వాత పొట్ట అడుగు చూడాలి. పెరిగిన రీగాలిస్ జాతికి పొట్ట అడుగున అడ్డంగా లేతరంగు పట్టీ ఉంటుంది. స్ట్రయాటాకు ఉండదు. పిల్లలుగా ఉన్నప్పుడు ఈ తేడా నమ్మదగినంతగా తెలియదు. అందుకే ఆమె ఆగమంది.

ఒంటిగంట దాటాక సోలాపూర్‌లో దిగాను. బస్టాండు నుంచి అశోక్ చౌక్‌కు ఆటో. వంద అడుగుతారు, ఎనభైకి వస్తారు. నా ఒళ్లో పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంది. డ్రైవరు అద్దంలోంచి దాన్నే చూస్తున్నాడు.

"డబ్బల ఏమున్నది సార్?"

"ఖాళీ."

"ఖాళీ డబ్బను పసిపోరన్ని పట్టినట్టు పట్టినవ్?"

"తిరిగి వెళ్లేటప్పుడు సాలీడు ఉంటుంది అందులో."

ఆయన ఆటో నెమ్మది చేశాడు. "అరె బాబా! సోలాపూర్‌కు చద్దర్ల కోసం వస్తరు, టవాళ్ల కోసం వస్తరు. పురుగు కోసం వచ్చినోన్ని నిన్నే చూస్తున్న. మా ఇంట్ల మస్తున్నయ్, ఫుకట్‌ల తీస్కపో." దిగాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

చౌక్ దగ్గర చిన్న ఖానావళిలో తిన్నాను. భాకరి అనే జొన్నరొట్టె, వంకాయ కూర, శేంగా చట్నీ, అంటే వేరుశనగ పొడి, దాని మీద నూనె. వడ్డించే ఆమె నా పళ్లెం చూసి, "సగం భాకరి ఇడిసినవ్, ఎవల మీద కోపం?" అంది. ఎవరి మీదా లేదన్నాను. "అయితె తిను" అంది. తిన్నాను. భోజనం నూరు రూపాయల లోపే. చట్నీ పొట్లం కట్టించుకుని తెచ్చుకోవచ్చు, నెల రోజులు ఉంటుంది.

అక్కడి నుంచి జోడ్‌భావి పేటకు నడిచాను. సందుల్లో ప్రతి రెండో ఇంట్లోంచి సాంచల చప్పుడు, అంటే కరెంటు మగ్గాలది. ఆ చప్పుడులో నడుస్తుంటే మన అడుగులు కూడా దాని లెక్కకే పడతాయి. ఇళ్ల ముందు అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. రాజమల్లు ఇంటి ముందు నలుగురున్నారు. వాళ్లలో ఆయన కోడలు పద్మ నన్ను గుర్తుపట్టింది. లేవలేదు. నా వెనక చూసింది.

"మేడం ఏది సార్?"

"చనిపోయింది. ఏడాది కావస్తోంది."

చేటల్లో చేతులు ఆగిపోయాయి. ఒకామె "అయ్యో" అంది. పద్మ ఒక బీడీ ముగించింది, దారం చుట్టి తెంపింది.

"మరి నువ్వెందుకొచ్చినవ్?"

"ఏందే పద్మ, మనిషి పోయిందంటె గట్లనేనా అడిగేది!" అని పక్కింటామె కసిరింది.

"తప్పేమడిగిన వదినె? మేడం అయితె పట్టుకునేటిది. ఈ సార్ టార్చి పట్టినోడే గద. దాన్ని పడ్తడా?"

"చూస్తాను" అన్నాను. పద్మ అడిగింది సరైన ప్రశ్నే. బస్సులో నన్ను నేను అడుక్కున్నదీ అదే.

లోపల్నుంచి రాజమల్లు వచ్చాడు. డెబ్భై దాటాయి, సన్నటి మనిషి. ఆయన విన్నాడని ముఖం చెప్పింది. "ఫోన్ల చెప్పకపోతివి సార్" అన్నాడు. ఎలా చెప్పాలో తెలియలేదన్నాను. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగేవరకూ నిలబడి, చెంబు తీసుకుని, "రాండ్రి" అని లోపలికి దారితీశాడు.

ముందుగది సగం మగ్గమే. గుంట మగ్గం. నేతగాడు అంచున కూర్చుని కాళ్లు గుంటలో పెట్టుకుంటాడు. పైన పడుగు, అంటే నేతకు కట్టిన నిలువు దారాలు, బిగించే ఉంది. గోడకు వేలాడదీసే బొమ్మగుడ్డ అది. పల్లకి మోసే బోయీల పాదాలు, మోకాళ్లు మాత్రమే నేసి ఉన్నాయి. మీదంతా ఉత్త దారాలు, దుమ్ము. షావుకారు సరుకు వద్దన్నప్పటి నుంచి అలాగే ఉందట. ఎలుకలు కొరికి మధ్యమధ్య దారాలు తెగిపోయాయి. మగ్గానికి కుడివైపు గుంజలో, మోకాలెత్తున, రెండు వేళ్లు దూరేంత తొర్ర. తొర్ర అంచుకు తెల్లటి పట్టు. ఆ గుంజకు మూరెడు దూరంలో ఉయ్యాల. ఉయ్యాలలో పద్మ కూతురు నిద్రపోతోంది.

"చూడు సార్" అంది పద్మ, ఉయ్యాల తాడు పట్టుకుని. "ఇది రేపో మాపో పాకుతది. కట్టెలాయన గుంజ చీరితే అవి నా ఇంట్ల చెదురుతయి. ఒక్కటి కాదు, ఖాందానే ఉన్నది. పొద్దుమీకినంక జరసేపు చూస్త. నీతోని కాకపోతె తొర్రల సలసల కాగిన నీళ్లు పోస్త. మామకు సుత చెప్పిన." ఇక్కడికి సంగతి తేలింది. ఈ పూటే అది ప్రాణంతో నా డబ్బాలోకి రావాలి, దాని అడుగు నేను చూడాలి. లేకపోతే రెండూ ఉండవు.

"ఖాందాన్ అని ఎందుకనుకుంటున్నావమ్మా?" అని అడిగాను.

ఆమె అటక మీంచి బిస్కెట్ల డబ్బా తీసింది. మూత తీసి నేల మీద బోర్లించింది. చిన్నా పెద్దా కలిపి అరడజను సాలీళ్లు, కాళ్లు ముడుచుకుని, నల్లగా నూనె ఓడుతూ. "ఇవన్నీ నేను సంపినయే" అంది. భర్త సాంచల మీద పనిచేస్తాడు కనుక ఇంట్లో సాంచలకు వేసే నూనె డబ్బా ఎప్పుడూ ఉంటుంది. మగ్గంలో ఏది బిగిసినా, తలుపు కిర్రుమన్నా, చీమలు పట్టినా ఆ ఇంట్లో ముందు చేయి వెళ్లేది దాని మీదికే. తొర్ర ముందు సాలీడు కదలకుండా కూర్చుని కనిపించినప్పుడల్లా పద్మ దూరం నుంచి ఆ నూనె పోసింది. అది మళ్లీ కదలలేదు. చచ్చిందనుకుని చీపురుతో డబ్బాలోకి ఎత్తింది. కొన్ని నెలలకు తొర్ర ముందు ఇంకోటి, ముందుదానికంటే పెద్దది.

నేను వాటిని వరుసగా పేర్చాను, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా. పెద్దదాన్ని అట్టముక్క మీద తీసుకుని వెలుతురులోకి తెచ్చాను. వీపు చిప్ప డబ్బామూతలా పైకి లేచి ఉంది. లోపల ఏమీ లేదు.

"ఇవి చచ్చినవి కావు. పొరలు. పాము కుబుసం విడిచినట్టు ఇది ఒళ్లంతా విడుస్తుంది. కోరలు, కంటి చిప్పలతో సహా. వీపు మూత తెరుచుకుని అందులోంచి బయటికి వస్తుంది. విడిచినప్పుడల్లా కాస్త పెరుగుతుంది. ఇదంతా ఒక్క సాలీడే."

పద్మ వంగి చూసింది. వేలు పెట్టబోయి ఆగింది. "అంటె ఒక్కదాన్నే ఇన్నిమాట్ల సంపిన్నా?"

"ఒక్కసారి కూడా చంపలేదు."

గడప దగ్గర నుంచి చూస్తున్న పక్కింటామె విరగబడి నవ్వింది. "మేమంత అనుకుంటున్నం, పద్మ మస్తు షేర్‌దిల్ ఉన్నది, ఇన్నిటిని లేపేసింది అని. ఉత్త చొక్కాలను సంపిందట!" పద్మ కూడా నవ్వేసింది. "నీ ఇంట్లకొస్తె తెలుస్తది నీకు" అని ఆమెను తరిమింది. తర్వాత నా వైపు తిరిగి, "నిజంగ ఒక్కటేనా?" అంది. ఆ గొంతులో నవ్వు లేదు. అవునన్నాను. పొరలు వరుసలో ఒక్కో సైజుకు ఒక్కటే ఉంది, రెండోది లేదు. ఆమె ఉయ్యాలను గుంజకు ఇంకో మూరెడు దూరం జరిపి, "అయితె చూద్దాం" అంది.

ఆ పొరల్లోనే పేరు దొరుకుతుందని నేను ఆశపడ్డాను. మామూలుగా దొరుకుతుంది. ఎండిన పొరను నీళ్లతో తడిపి, మెత్తబడ్డాక కుంచెతో విప్పితే కాళ్ల పట్టీలు, పొట్ట గుర్తులు కనిపిస్తాయి. ఆడదా మగదా అన్నది కూడా పొర లోపలి వైపు చూసి చెబుతారు. వసుధ గంటలు కూర్చుని విప్పేది. వీటిలో కాళ్ల మీద పసుపు మిగిలింది. చెట్టు జాతే, పెసిలోథీరియానే, అంతవరకు అనుమానం లేదు. కానీ పల్చటి పొట్ట తోలు నూనెలో నాని ఉండలు చుట్టుకుపోయింది. విప్పబోతే చిరిగింది. రెండోదీ అంతే. మూడోదాన్ని ముట్టుకోలేదు. ప్రాణంతో ఉన్నదాన్నే చూడాలి.

పొద్దు కుంకేదాకా అది బయటికి రాదు. మూడున్నరే అయింది. కూర్చోలేకపోయాను. అశోక్ చౌక్ దాకా నడిచి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను. ఒక దుకాణంలో చద్దర్లు చూపించమన్నాను. ఇక్కడి చద్దరుకు రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది, రంగులు మాత్రం తారుమారవుతాయి. కొనేముందు రెండు వైపులా తిప్పి చూడండి. నేను కొనలేదు. తిరిగొచ్చేసరికి రాజమల్లు మగ్గం అంచున కూర్చుని ఉన్నాడు, కాళ్లు గుంటలో పెట్టుకుని.

"కూసో సార్. నువ్వు తిరిగితె పొద్దు జల్ది పోతదా?"

కూర్చున్నాను. పడుగును చూపించి, రేపు దీన్నేం చేస్తారని అడిగాను. ఆయన బదులు పద్మ చెప్పింది. "కోయడు. నిన్న కత్తెరిచ్చిన, మొన్నిచ్చిన. కట్టెలాయనే కోసుకుంటడట. మగ్గమమ్మినంక గీ పట్టింపేంది?"

"సగం నేసిన పడుగును నేసినోడు కోయడు బిడ్డ" అన్నాడు రాజమల్లు. "మా నాయిన కోయలే. పూరా అయినంకనే కత్తెర. నా చేతులతోని కాదు." ఇది నాకు చెప్పిన మాట కాదు. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో నడుస్తున్న మాట.

వెలుతురు మసకబడేసరికి పద్మ పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి వచ్చింది. స్టవ్ మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టింది, అది కూడా చూశాను. నేను టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. ఈ జీవులకు తెల్ల వెలుగు పనికిరాదు. పొడుగు పుల్లకు మెత్తటి కుంచె కట్టి, చేతులకు తోలు గ్లవ్స్ వేసుకున్నాను. దీని కాటు ప్రాణం తీయదు గానీ ఒళ్లంతా కండరాలు పట్టేస్తాయి, రోజుల తరబడి. అమెరికా వైపు టరాంటులాల్లా ఇవి ఒంటి నూగు దులిపి భయపెట్టవు. మనవి సూటిగా కరుస్తాయి, లేదా కంటికి అందకుండా పరుగెత్తుతాయి.

ముందు రెండు కాళ్ల కొసలు తొర్ర అంచున కనిపించాయి. చాలాసేపు అంతే. తర్వాత తల, వీపు. బూడిద రంగు మీద తెల్లటి నగిషీ. కాళ్లు చాపితే నా అరచేయి దాటేలా ఉంది. మొత్తం బయటికి వచ్చి గుంజను కరచుకుని ఆగింది. అడుగంతా కర్రకు ఆనుకుని ఉంది. వసుధ అయితే డబ్బాను దాని ముందు పెట్టి, వెనక నుంచి కుంచెతో ఒక్కసారి తాకేది. నేనూ అలాగే తాకాను. అది డబ్బా వైపు పోలేదు. గుంజ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి పడుగు మీదికి దూకింది.

"మామా, కాళ్లు తియ్!" పద్మ అరిచింది. రాజమల్లు తీయలేదు. కదిలితే దారాలు కదులుతాయి. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు. అది దారాల మీద ఎనిమిది కాళ్లు చాపి ఆగింది, బోయీల మోకాళ్లకు జానెడు పైన. నేను డబ్బాను బోర్లించి దాని మీద పెట్టాను. దారాల మీద డబ్బా నిలవడం లేదు. రాజమల్లు డబ్బా అంచు మీద తన రెండు చేతులూ వేసి నొక్కాడు. డబ్బా నిలిచింది.

అప్పుడు తెలిసింది చిక్కు. డబ్బా దారాలకు పైన. మూత పెట్టాలంటే కింది నుంచి పెట్టాలి. మధ్యలో పడుగు.

"ముందు అడుగు చూస్తాను" అన్నాను. రాజమల్లు ఒక చేయి గుంటలోకి దించి, పక్క గూట్లోంచి ఒక అద్దం తీశాడు. ఈ బొమ్మగుడ్డలు నేసేటప్పుడు బొమ్మ కింది వైపుకు ఉంటుంది. సరిగా వస్తోందో లేదో చూసుకోవడానికి నేతగాడు కింద అద్దం పెట్టుకుంటాడు. దాన్ని డబ్బాకు సరిగ్గా కింద పట్టాడు. టార్చి పట్టడానికి నాకు చేయి లేదు. పద్మ నా చేతిలోంచి లాక్కుంది. "ఎటు కొట్టాలె?" అద్దంలోకి అన్నాను. ఎర్ర కాగితం తీసేయమన్నాను. ఆమె వెలుగు నిలకడగా పట్టింది.

అద్దంలో దారాల సందుల్లోంచి కనిపించింది. కోరలు పక్కపక్కన. ముందు కాళ్ల అడుగున చిక్కటి పసుపు, నల్ల పట్టీలు. పొట్ట అడుగున నాలుగు లేత మచ్చలు. వాటి వెనక, అడ్డంగా, తెల్లటి పట్టీ. దారం నీడేమోనని అద్దం జరపమన్నాను. నీడ జరిగింది, పట్టీ జరగలేదు. మూడుసార్లు చూశాను. పట్టీ ఉంది.

డబ్బా కిందికి దారాలకు ఆనించి బొమ్మ డిజైన్ల అట్ట ఒకటి పెట్టాం. పైన డబ్బా, కింద అట్ట, నడుమ దారాలు. ఇక ఎత్తాలంటే చుట్టూ కోయాలి. పద్మ టార్చి కింద పెట్టి, బీడీ ఆకు కోసే కత్తెర తెచ్చింది. ఈసారి మామ చేతికి ఇవ్వలేదు. తనే వంగింది.

"ఇటు తే బిడ్డ" అన్నాడు రాజమల్లు.

"నేను కోస్త తియ్ మామా. నీతోని కాదంటివి గద."

"రేపొచ్చేటోడు పరాయోడు. నువ్వు నా కోడలివి. ఎవలు కోసినా నేను చూసుడే గద. తే." కత్తెర తీసుకున్నాడు. మొదటి దారం దగ్గర ఆగాడు. తర్వాత కోశాడు. చిన్న చప్పుడు, లాగి కట్టిన తీగ వదిలినట్టు. ఒక్కొక్కటిగా డబ్బా చుట్టూ కోసుకుంటూ వచ్చాడు. నేను డబ్బాను, అట్టను కలిపి ఎత్తాను. దారం ముక్కలు అంచుకు వేలాడుతున్నాయి. మూత బిగించేసరికి సాలీడు డబ్బా గోడ ఎక్కి కూర్చుంది. అది బాగానే ఉంది. వెనక కత్తెర చప్పుడు ఇంకా వినిపిస్తోంది. తిరిగి చూశాను. రాజమల్లు ఆపలేదు. మిగతా పడుగంతా అంచు దాకా కోసి, నేసినంత గుడ్డను చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. పద్మ వెళ్లి స్టవ్ ఆర్పింది. గిన్నెలో నీళ్లు చూసి, "చాయ్‌కి పనికొస్తయి" అంది.

చాయ్ తాగుతూ డబ్బాను దీపం వైపు ఎత్తి చూసింది. "ఏం పేరు సార్ దీనికి?"

"రీగాలిస్."

"మేడం సుత గదే చెప్పిందా?"

"లేదు. ఇంకో పేరు చెప్పింది."

"అయితె మేడం తప్పు, నువ్వు కరెక్టా?"

"అవును."

"గెలిచినవ్ మల్ల!" అంది పద్మ. రాజమల్లు ఆమెను చూశాడు. ఆమె తల వంచుకుని చాయ్ తాగింది. నేను కూడా తాగాను. ఆయనే అడిగాడు. "మేడం ఉంటె ఒప్పుకునేదా సార్?" ఒప్పుకునేది కాదు. అద్దం లాక్కునేది. పిల్లప్పటి పొర తెచ్చి పక్కన పెట్టేది. రాత్రంతా వాదించేది. ఇదంతా ఆయనకు చెప్పాను. ఏడాదిలో ఆమె గురించి అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాను. ఫ్యాన్ గది ఏడువందలకు దొరుకుతుంది. ఉదయం డబ్బాను అటవీశాఖ ఆఫీసులో అప్పగించి, జాతి పేరు, నేను చూసిన గుర్తులు చెప్పాను. ఫొటోలు తీసుకున్నారు. తమ నిపుణుడికి చూపించి, తగిన అడవి చూసి వదులుతామన్నారు. పది గంటల బస్సుకు బయల్దేరాను. తిరుగు దారిలో కూడా సీట్లు మారాను.

మనిషి పోయాక ఆమెకు తెలిసినవాటి గురించే ఆలోచిస్తూ ఉంటాం. నాకు ఆ ఏడాదంతా అలాగే గడిచింది. ఇంట్లో ఎటు చూసినా ఆమెకు తెలిసినవే. ఆ మగ్గం కింద అద్దంలో తెల్ల పట్టీ చూసిన క్షణం నుంచి, ఆమెకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. ఆమె స్ట్రయాటా అనుకునే వెళ్లిపోయింది. చిన్న సంగతే. లోకంలో పదిమందికి కూడా అవసరం లేని సంగతి. కానీ చెప్పాల్సిన మనిషి ఒక్కతే, ఆమె లేదు. ఈ సంగతిని పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాను. ఎక్కడ దింపాలో తెలియక ఇక్కడ రాశాను.

వెళ్లేవాళ్లకు ఒక సూచన. ఇంట్లోనో పాత కర్రలోనో పెద్ద సాలీడు కదలకుండా కనబడితే నూనె, మందు ఏదీ పోయకండి. చేతితో తాకకండి. పొద్దున దాకా అలాగే ఉంటే అది బహుశా పొర. కాగితంతో ఎత్తి పొడి డబ్బాలో పెట్టి, దగ్గరి అటవీశాఖ వాళ్లకు చెప్పండి. పేరు చెప్పమని ఎవరైనా అడిగితే, పైన ఎంత అందంగా ఉన్నా, అడుగు చూడకుండా చెప్పకండి.